సాంచాలు ఆగిన పూట

ఇప్పుడు కంప్యూటర్ మీట నొక్కి, కుర్చీ ముందుకు జరుపుకునేలోపే తెర వెలుగుతుంది. ఆ రోజుల్లో మాకంత తొందర ఉండేది కాదు. పొద్దున్నే మీట నొక్కి, మొహం కడుక్కుని, చాయ్ తాగి, వాకిట్లో పిల్లిని అదిలించి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఆ చుక్కల్ని చూస్తూ నేను ఎన్ని కలలు కన్నానో! కరీంనగర్‌లో ఆఫీసు, అద్దాల తలుపు, నన్ను 'సార్' అని పిలిచే నలుగురు మనుషులు. కల సగంలో ఉండగా తెర వెలిగేది. సరిగ్గా అప్పుడే, పెళ్లి పత్రికలో తాత పేరు తప్పు పడిందని ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చేవారు.

మాది కరీంనగర్ దిక్కు ఒక చిన్న నేత ఊరు. ఇంటి వెనక షెడ్డులో బాపు సాంచాలు నడిపేవాడు (నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని, మరమగ్గాలను సాంచాలు అని మా దగ్గర అంటారు). ముందు గదిలో, షెడ్డు గోడకు ఆనించిన బల్ల మీద పాత కంప్యూటర్ పెట్టుకుని నేను పెళ్లి పత్రికలు తయారుచేసేవాణ్ణి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాలేదు కానీ, వాడకట్టులో 'కంప్యూటర్ డాక్టర్' అనే బిరుదు మాత్రం వచ్చింది. ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవారు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొన్ని బాగయ్యేవి. బాగవ్వని వాటిని చూసి గంభీరంగా తల ఊపేవాణ్ణి.

అలాంటి డాక్టరు ఇంట్లోనే రోగం ముదిరింది. చుక్కలు తిరిగే సేపు రోజురోజుకూ పెరిగి, చివరికి లోపల హార్డ్ డిస్క్ 'టక్, టక్' అనడం మొదలైంది. అక్కర్లేని ఫైళ్లు తీసేశాను. ఆన్ కాగానే తమంతట తాము లేచి కూర్చునే ప్రోగ్రాములన్నీ ఆపేశాను. మూత విప్పి దుమ్ము దులిపాను. అవ్వ దిష్టి అని తేల్చి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. బాపు నూనె డబ్బాతో వచ్చాడు. "సాంచ గిట్ల మొత్తుకుంటే రెండు సుక్కల నూనె ఏస్తం. మూత తియ్యి రా," అన్నాడు. నేను కంప్యూటర్‌ను రెండు చేతులా వాటేసుకుని కాపాడాను.

చివరికి నస్పూర్ బావకు ఫోన్ చేశాను. అక్కడి బొగ్గు గని ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాడాయన. "టక్కుటక్కు అంటుందంటే డిస్కు పని ఖతమైనట్టే. పానం ఉన్నప్పుడే కావలసినవి తీసుకో. ఊకె ఆన్, ఆఫ్ చెయ్యకు," అన్నాడు. పెళ్లి పత్రికలు పోతే మళ్లీ చేసుకోవచ్చు. కానీ అందులో నాయనమ్మ గొంతు ఉంది. ఆమె పోవడానికి కొద్ది నెలల ముందు సరదాగా ఫోన్లో రికార్డు చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తర్వాత ఆ ఫోను నీళ్ల తొట్టిలో పడింది. ఇక మిగిలింది ఇదొక్కటే. పైగా సంవత్సరీకం దగ్గరికొస్తోంది. బాపు రోజూ అడిగేవాడు: "మా అవ్వ గొంతు నలుగురికీ వినిపియ్యాలె. ఉన్నది కదరా?" "ఉన్నది బాపూ," అనేవాణ్ణి. కాపీ చేయబోతే ప్రతిసారీ మధ్యలో ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. సాంచాలు ఆగాయి, ఇంట్లో బల్బు మాత్రం వెలుగుతోంది. మీట నొక్కితే, కంప్యూటర్ చకచకా లేచి కూర్చుంది! నా వైద్యం ఫలించిందని అవ్వను కేకేసి మరీ చూపించాను. పెన్ డ్రైవ్ వెతుక్కునేలోపే ఫేజు తిరిగొచ్చింది. సాంచాలు మొదలయ్యాయి. బల్ల మీది చాయ్ గ్లాసు తనంతట తాను అంచు దాకా నడిచింది. 'టక్, టక్'. అప్పుడు వెలిగింది నాకు. ఇన్నాళ్లూ ఆ గోడ, ఆ బల్ల, వాటితోపాటు నా డిస్కు సాంచాలతో కలిసి వణుకుతున్నాయి. రోగం గోడలో ఉంటే నేను పెట్టె విప్పి వెతికాను. (పుట్టినప్పటి నుంచీ వింటున్న చెవులకు సాంచాల చప్పుడు వినిపించదు. అది ఆగితేనే మాకు వినిపిస్తుంది.)

"మనయి ఒక్కటే బంద్ జేస్తే సరిపోదు బాపూ, ఏ ఇంట్ల వెట్టినా గోడలన్నీ కలిసే వణుకుతున్నయి. వరుస మొత్తం ఆగాలె," అన్నాను భయంభయంగా. సాంచ ఆగితే కూలి ఆగుతుంది. జ్వరమొచ్చినా ఆపని మనిషి బాపు. చెప్పులేసుకుని వెళ్లాడు. కాసేపటికి ఒక్కొక్క షెడ్డే మూగబోయింది. మా వాడకట్టులో సాంచాలన్నీ ఒకేసారి ఆగేది పాడె వెళ్తున్నప్పుడే. అందుకే జనం కంగారుగా బయటికొచ్చారు. "ఎవలు పోయిండ్రే?" అని ఒక ముసలామె అడిగింది. "ఎవలు పోలే. పోయిన మా అవ్వనే జర ఎనుకకు తెస్తున్నం," అన్నాడు బాపు.

ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తే. ఎండ కూడా మెల్లగా నడుస్తున్నట్టుంది. గుమ్మం నిండా జనం. తెర మీద ఆకుపచ్చ గీత పాక్కుంటూ, ఆగుతూ, చివరికి అంచు చేరింది. పెన్ డ్రైవ్‌లోంచి ఫైలు తెరిచాను. "ఓ పిలగా! గా డబ్బాతోని ఏం ముచ్చట? బువ్వ తిన్నవా?" నాయనమ్మ అరుపు. (సాంచాల మధ్య బతికినవాళ్లం, ప్రేమ కూడా అరిచే చెప్పుకుంటాం.) అందరూ నవ్వారు. బాపు మాత్రం వీధిలోకి ఉరికాడు. "ఎవల్రా సాంచ నడిపేది? బంద్ వెట్టున్రి!"

"ఎవలదీ నడుస్తలేదే!" అన్నారు బయటివాళ్లు.

బాపు వెనక్కొచ్చి స్పీకరు దగ్గర తల వంచి విన్నాడు. నాయనమ్మ గొంతు వెనక సాంచాలు లయగా మోగుతున్నాయి. "ఇవి మనయే రా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అవ్వ నూలు కండెలు సుట్టినప్పటియి."

ఇప్పుడు కరీంనగర్‌లో నాకు ఆఫీసుంది. అద్దాల తలుపూ ఉంది ('సార్' అనేవాళ్లు మాత్రం నలుగురు లేరు). కంప్యూటర్ చప్పుడు లేకుండా లేస్తుంది, కల కనే వ్యవధి ఇవ్వదు. మధ్యాహ్నం మరీ నిశ్శబ్దమైతే ఆ ఫైలు తెరుస్తాను. చుక్కల ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకు కూర్చున్న ఆ డాక్టరు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నాయనమ్మ అడుగుతుంది, "బువ్వ తిన్నవా?" తిన్నానని అప్పటి నా గొంతు ఎక్కడో సన్నగా చెబుతుంది. సాంచాల చప్పుడులో ఆమెకు వినబడదు. మళ్లీ అడుగుతుంది.