సురేంద్రబాబు వేసిన పదకొండు మార్కులు

సురేంద్రబాబు గురించి ఆత్మకూరులో ప్రచారంలో ఉన్న మాటలు ప్రధానంగా నాలుగు. ఒకటి, రిటైరయ్యాక ఆయనకు మతి చలించిందని. రెండు, నెల్లూరులోని ఏదో హాస్టలు కాలేజీ వాళ్ళు మా ఊరి కొత్త బడిని మూయించడానికి ఆయనను లోపాయికారీగా పంపారని. మూడు, తల్లిదండ్రులను అవమానిస్తే గాని ఆయనకు నిద్ర పట్టదని. నాలుగు, సొంత అన్నను సమాధి చేస్తున్నప్పుడు పాస్టరుగారు చేసిన ప్రార్థనకు ఆయన నూటికి యాభై నాలుగు మార్కులు వేశాడని. నేను విచారించినంతవరకు వీటిలో నాలుగోది ఒక్కటే నిజం. అదీ యాభై నాలుగు కాదు, యాభై ఆరు.

ఆయనకున్న అలవాటు ఒక్కటే: కంటపడిన ప్రతిదానికీ మార్కులు వేయడం. ఉదయగిరి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాడు. అందులో తొమ్మిదేళ్ళు అక్కడ నేను హెడ్మాస్టరును. రిటైరైన రోజున శాలువా కప్పి పంపాం గాని, జేబులోని ఎర్ర పెన్నును వెనక్కు తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. దిద్దడానికి పేపర్లు లేకపోయేసరికి ఆయన లోకాన్ని దిద్దడం మొదలుపెట్టాడు.

బస్సు దిగుతూ డ్రైవరు పక్కన ఆగి, “అరవై ఎనిమిది. బ్రేకు బాగుండాది. స్టాపు దాటించి ఆపినందుకు నాలుగు తగ్గించినా” అనేవాడు.

“పోయిన వారం డెబ్బై రెండు వేసినారు గదా సార్.”

“పోయిన వారం స్టాపులో ఆపినావు గదా.”

ఆసుపత్రిలో నర్సు మూడుసార్లు సూది గుచ్చి నరం దొరకక చెమటలు పట్టి నిలబడితే, మంచం మీదనుంచే, “జవాబు తప్పు, పద్ధతి కరెక్టు. స్టెప్పు మార్కులు ఇస్తున్నా, నలభై ఎనిమిది” అన్నాడు. ఒక ఆదివారం ప్రసంగానికి యాభై ఎనిమిది వేసి, గుమ్మం దగ్గరే కారణం చెప్పాడు: “మీ మూడో పాయింటు రెండో పాయింటేనయ్యా, చొక్కా మార్చుకొని వచ్చింది.” మరుసటి ఆదివారం పాస్టరుగారు రెండు పాయింట్లతోనే ముగించారు. పొయ్యిమీద కూర పెట్టి వచ్చిన సంఘంలోని ఆడవాళ్ళు సురేంద్రబాబు మేలు కోరి ప్రత్యేకంగా ప్రార్థించారని విన్నాను.

భార్య జెస్సీ ఒక్కతే ఆయనకు ఎదురు పేపరు పెట్టేది.

“ఉప్మాకు అరవై ఒకటి” అన్నాడు నా ఎదుటే.

“పెండ్లైనకాడి నుంచి తింటుండారు గదా. ఒక్కసారన్నా వండనోళ్ళకి ఎంత వేస్తారో చెప్పండి.”

“ఆబ్సెంట్” అన్నాడు, నిజాయితీగా.

మూడేళ్ళ కింద ఆత్మకూరులో కొత్త బడి ఒకటి వచ్చింది. పాఠం చెప్పి అప్పజెప్పించుకొనే పద్ధతి అక్కడ లేదు. పిల్లలు ఒక ప్రశ్నను ఎత్తుకొని, నెలల తరబడి తిరిగి, కొలిచి, పదిమందిని అడిగి జవాబు తేల్చాలి. దారిలో తగిలిన లెక్కలూ సైన్సూ భాషా అక్కడికక్కడే నేర్చుకుంటారు. మార్కులు లేవు, ర్యాంకులు లేవు. ఊరివాళ్ళు దానికి ప్రాజెక్టుల బడి అని పేరు పెట్టారు. నన్ను కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. పిల్లలతో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా వాళ్ళ అమ్మానాన్నలతోనే. వాళ్ళకు నచ్చజెప్పడానికి ఒక పెద్దమనిషి కావాలని ప్రిన్సిపాల్ ఏంజెలిన్ ప్రకటన ఇస్తే, దరఖాస్తు చేసింది ఒక్క సురేంద్రబాబే. మార్కులు లేని బడిలో ఈయన ఎందుకని నేను అభ్యంతరం చెప్పాను. ఏంజెలిన్ తెలివైన పిల్ల. ఈ బడిలో ఏ విద్యార్థికీ మార్కులు వేయనని ఆయనచేత సంతకం చేయించింది. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నవ్వుకొని, సంతకం పెట్టాడు. ఆ నవ్వును మేము పట్టించుకోలేదు.

మొదటి తల్లిదండ్రుల సమావేశం నాటి ఉదయం నోటీసుబోర్డు మీద ఒక జాబితా వెలిసింది. అందులో ఉన్నవి తల్లిదండ్రుల పేర్లు; ఎదురుగా ఎర్ర సిరాతో మార్కులు. బిడ్డ చెప్పేది పూర్తిగా వినడానికి ముప్పై, బిడ్డను ప్రశ్న అడగడానికి ముప్పై, బిడ్డ పనిని తాము చేయకుండా ఉండడానికి నలభై. ఆఖరి అంశంలో సగం ఊరు తప్పింది.

“మేమేమన్నా పిల్లోళ్ళమా సార్, మాకు మార్కులేయడానికి?” అని ఒకాయన లేచాడు.

“కాదు గాబట్టే వేసినా. పిల్లోళ్ళకి వేయకూడదని సంతకం పెట్టి ఉండా.”

ఏంజెలిన్ నావైపు చూసింది. నేను కాగితం తెప్పించి చదివాను. ఆయన వాదనలో దోషం కనిపించలేదు.

ఆ జాబితాలో పెంచలయ్య అనే రైతు పేరు లేదు. సీతారామపురంలో ఉండే ఆయన అప్పటికి సురేంద్రబాబు కంటపడలేదు; ఆనాడు కూడా బస్సు సమయానికి రాక సమావేశానికి అందలేదు. ఆయనకు అక్కడ చెరువు కింద సేద్యం. కూతురు అశ్విత చదువు కోసం ఆత్మకూరులో రెండు గదులు అద్దెకు తీసుకొని భార్య సుకన్యనూ, తల్లి చెంచమ్మనూ అక్కడ ఉంచాడు. తాను వారానికి రెండుసార్లు వచ్చి పోయేవాడు. బిడ్డ ప్రాజెక్టు చేయాలట అని భార్య ఫోనులో చెప్పగానే, అడగవలసిన రెండో మాట అడగకుండా నెల్లూరు పోయి, థర్మాకోల్ రాకెట్టు ఒకటి కొనుక్కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. అశ్విత ఎత్తుకొన్న ప్రశ్న, తమ వీధికి వచ్చే కుళాయి నీళ్ళు ఎన్ని, అవి అందరికీ సమానంగా అందుతున్నాయా అని. రాకెట్టు కొన్నాళ్ళు చెంచమ్మకు విసనకర్రగా పనిచేసింది.

అశ్విత ముందుగా వీధిలోని నలభై రెండు ఇళ్ళకూ కాగితం పట్టుకొని వెళ్ళింది. మీ ఇంట్లో బిందెలు ఎన్ని, రోజుకు ఎన్ని నింపుతారు అని అడిగింది. మన ప్రాంతంలో కాగితం, పెన్ను పట్టుకొని గుమ్మంలోకి వచ్చినవాళ్ళంటే ఏదో సర్వే అనీ, ఉన్నది ఉన్నట్టు చెబితే ఉన్న రేషను కార్డు పోతుందనీ ప్రజలకు గట్టి నమ్మకం. ఏడో తరగతి పిల్ల అయినా వాళ్ళు మినహాయింపు ఇవ్వలేదు. బిందెలు మంచాల కిందికి పోయాయి. ఇద్దరు తమకు కుళాయే లేదన్నారు, కుళాయి పక్కనే నిలబడి. మునెయ్య అనే పెద్దాయన తన పేరు పింఛనులో ఎక్కించమని వేలిముద్ర వేయబోయాడు. అన్నిటికంటే అన్యాయం సొంత ఇంట్లో జరిగింది.

“అవ్వా, మనకి ఎన్ని బిందెలు?”

“ఒకటే. అదీ సొట్ట.”

“వెనకాల తొమ్మిది ఉండాయి గదవ్వా.”

“రాసుకునేవాళ్ళ ముందర తొమ్మిదని చెప్తారా ఎవురన్నా? నువ్వు రాయి, ఒకటే.”

లెక్క తేలిస్తే, నలభై రెండు ఇళ్ళ వీధి మొత్తానికి రోజుకు ముప్పై ఒక్క బిందె నీళ్ళు. ఆ సమాచారాన్ని నమ్మితే మా ఊళ్ళో స్నానం అనే ఆచారం లేనట్టే.

పెంచలయ్య బాధ వేరు. ఆయన తోడల్లుడి కొడుకు నెల్లూరులో హాస్టల్లో ఉన్నాడు. వాడి ర్యాంకు వారం వారం ఫోనుకు వస్తుంది. బస్సెక్కితే చాలు, పాపకి ఎన్ని మార్కులని ఎవరో ఒకరు అడుగుతారు. బిందెలు లెక్కబెడుతున్నదని ఆయన ఎలా చెప్పగలడు? ఒకసారి చెబితే బస్సంతా నవ్వింది. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, సోమవారం టీసీ తీసుకొని నెల్లూరు హాస్టల్లో చేర్పిస్తున్నానని ప్రకటించాడు. అశ్విత ఏడవలేదు. కాగితాలు మడిచి పెట్టెలో పెట్టేసింది. ఆ సంగతి సుకన్య నాతో చెప్పింది.

సోమవారం నేను ఆఫీసు గదిలోనే ఉన్నాను. పెంచలయ్య టీసీ దరఖాస్తు బల్లమీద పెట్టాడు. సురేంద్రబాబు దాన్ని చదివి, ఎర్ర పెన్ను తీసి, పైన పదకొండు అని వేసి, కింద గీత గీశాడు.

“ఏంది సార్ ఇది?”

“నీ మార్కులు. నూటికి.”

“నాకా? పదకొండా? దేనికి?”

“తండ్రిగా.”

తరువాత పెంచలయ్య మాట్లాడినదంతా నేను ఇక్కడ రాయలేను. సారాంశం ఏమంటే, తాను ఎండలో పొలం గట్ల వెంట తిరిగి బిడ్డ కోసం చెమటోడుస్తుంటే, పంకా కింద కూర్చున్న ఒక రిటైర్డు పంతులు తనకు పదకొండు వేయడానికి ఎవరని.

“నన్ను చూసినావా నువ్వు? మా ఇంటికొచ్చినావా? ఏ లెక్కన వేసినావు?”

“ఒప్పుకోకుంటే సప్లిమెంటరీ రాసుకో. శనివారం పెడతా. ఐదు ప్రశ్నలు. పాసైతే టీసీ నేనే రాసిస్తా. ఫెయిలైతే, పదకొండు మార్కులోడు తీసుకునే నిర్ణయం ఎట్టాంటిదో నువ్వే ఆలోచించుకో.”

“నేను పదో తరగతి ఒక్కసారికే పాసైనోణ్ణి.”

“మంచిది. అయితే చదువుకొని రా.”

ఐదు ప్రశ్నలు చీటీ మీద రాసిచ్చాడు. నీ కూతురు అడుగుతున్న ప్రశ్న ఏమిటి? ఆమె లెక్క ఎక్కడ తప్పింది? తప్పినాక ఏం చేసింది? జవాబు దొరకనప్పుడు ఆమె ఏం చేస్తుంది? ఆమెకు తెలియక నీకు తెలిసినది ఈ పనిలో ఏముంది?

ఈ ప్రశ్నలకు జవాబులు అమ్మే గైడు నెల్లూరులోనూ దొరకదు. పెంచలయ్య ఆ వారం సీతారామపురం పోలేదు. మరునాడు పొద్దున కూతురి దగ్గరికి వెళ్ళి, కొట్లాటకు వెళ్ళినట్టే అడిగాడట.

“మేయ్, నీ ప్రాజెక్టు ఏందో సరిగ్గా చెప్పు. ఆయన సంగతి నేను తేలుస్తా.”

పిల్ల పెట్టె తెరిచింది. కాగితాల కింద చింతగింజల సంచి ఉంది. ఇంటింటి లెక్క తప్పిందని తెలిసినాక, ఆమె ఎవరినీ అడగడం మానేసి, కుళాయి వదిలే వేళకు కిటికీలో కూర్చొని, బిందె నిండినప్పుడల్లా ఒక గింజ పక్కన పెట్టింది. అలా ఆరు రోజులు. సగటున రోజుకు నాలుగు వందల ఎనిమిది.

“కాగితంలో ముప్పై ఒకటే ఉండాదే?”

“అది వాళ్ళు చెప్పింది నాయనా. ఇది నేను చూసింది.”

“అయితే అవ్వ కూడా అబద్ధం చెప్పిందా?”

“అవ్వతోనే గదా మొదలైంది.”

గడపలో కూర్చున్న చెంచమ్మ, “కార్డు పోతే మీరు తెస్తారా” అన్నది, ఏ మాత్రం పశ్చాత్తాపం లేకుండా.

మర్నాడు కుళాయి వదిలే వేళకు తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ వీధి పొడవునా నడిచారు. వీధి మొదట్లో బిందె గబగబా నిండుతున్నది. చివర శీనమ్మ ఇంటి దగ్గర సన్నగా కారుతున్నది. అశ్విత దాన్ని గమనించలేదు, కిటికీలోంచి నిండిన బిందెలు కనిపిస్తాయి గాని ధార ఎంత సన్నమో కనపడదు. పెంచలయ్య ఒక్క చూపులో పట్టాడు. చెరువు కింద చివరి మడికి నీళ్ళు అందని సంగతి ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. బిందెలు లెక్కపెట్టడం కాదమ్మా, ఒక్కో బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడు అన్నాడు. ఫోనులో సెకన్లు చూస్తూ మొదటి ఇంటి నుంచి ఆఖరి ఇంటిదాకా వచ్చారు. మొదటి ఇంట్లో నలభై సెకన్లు, శీనమ్మ ఇంట్లో ఆరు నిమిషాలు. ఆమె తమకు కుళాయే లేదని చెప్పింది అబద్ధమే అయినా, ఎక్కువ దూరం పోయిన అబద్ధం కాదు.

శనివారం సప్లిమెంటరీ నా సమక్షంలోనే జరిగింది. మొదటి మూడు ప్రశ్నలకూ పెంచలయ్య జవాబులు ధారాళంగా వచ్చాయి; ఆపితే గాని ఆగలేదు. నాలుగో ప్రశ్న దగ్గర తడబడ్డాడు. జవాబు దొరకనప్పుడు నీ కూతురు ఏం చేస్తుంది?

“ఎడమ చెవి తమ్మె పట్టుకొని లాక్కుంటాది సార్. మా అమ్మ కూడా అంతే. ఈ వారమే చూసినా.”

సురేంద్రబాబు తలెత్తకుండా రాసుకున్నాడు. ఐదో ప్రశ్నకు జవాబుగా పెంచలయ్య చెరువు కింద మడుల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మొత్తం డెబ్బై రెండు. రాకెట్టుకు ఇరవై తగ్గాయి.

“పాసైనావు. టీసీ రాయనా?” అన్నాడు సురేంద్రబాబు, ఫారం ముందుకు లాక్కుంటూ.

“ఎందుకు సార్ తొందర? చివరి ఇంటి లెక్క ఇంకా తేలలా. వాల్వు యాడుండాదో చూడాలంటుంది పాప.”

తరువాతి వారం బస్సులో ఎవరో అలవాటుగా, పాపకి ఎన్ని మార్కులని అడిగితే, పెంచలయ్య కాలర్ సర్దుకొని, “పాప సంగతి అట్టుంచు, నాకు డెబ్బై రెండు వచ్చినాయి” అన్నాడని అదే బస్సులో వచ్చిన మా అటెండరు చెప్పాడు.

కథ ఇక్కడికి సుఖాంతమే గాని, సురేంద్రబాబు తల్లిదండ్రులను అవమానిస్తున్నాడని ఫిర్యాదు ఒకటి కమిటీకి రానే వచ్చింది. నన్నే విచారించమన్నారు. నేను సురేంద్రబాబు నోటుపుస్తకం తెప్పించుకొని మొదటి పేజీ నుంచి చదివాను. మూడేళ్ళలో టీసీ అడగడానికి వచ్చిన తల్లిదండ్రులు పంతొమ్మిది మంది. పంతొమ్మిది మందికీ ఆ రోజు పడిన మార్కులు పదకొండే. ఒకరికి పది లేదు, ఒకరికి పన్నెండు లేదు. ఇది మూల్యాంకనం కాదు. ముప్పై నాలుగేళ్ళు పేపర్లు దిద్దిన మనిషి పేపరు తెరవకుండానే మార్కులు వేశాడు.

పిలిపించి అడిగాను. “సురేంద్రబాబూ, ఇది అన్యాయం కాదా?”

“అన్యాయమే సార్. అందుకే గదా అందరూ కొట్లాడినారు. న్యాయంగా వేసుంటే తలొంచుకొని ఇంటికి పోయుందురు.”

“కొట్లాట మనకెందుకు?”

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. “ముప్పై నాలుగేళ్ళు ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చినా సార్. ఇంటికి పోయినాక ఆ కార్డు ఎవరి వీపు మీద పడతాదో నాకు తెలుసు. ఈ బడిలో కార్డు లేదు గానీ కోపం యాడికి పోతాది? టీసీకి వచ్చినోడు ఆ పూట ఎవరో ఒకరి మీద అరవాల. బిడ్డ మీద అరిచేదానికన్నా నా మీద అరవడం నయం గదా. నాకైతే వినీ వినీ అలవాటే, జెస్సీని అడగండి.”

విచారణలో తేలిన విషయాలు ఇవి. పంతొమ్మిది మందిలో పదహారు మంది పిల్లలు బడిలోనే ఉన్నారు. ముగ్గురు వెళ్ళిపోయారు, అందులో ఇద్దరి విషయంలో సురేంద్రబాబు నోటి దురుసే కారణం, ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఆయన వేసిన మార్కులకు ఆధారం లేదు, పద్ధతి లేదు, పరీక్షాధికారిగా ఆయన చేసింది తప్పు. అయితే కోపంతో వచ్చిన పంతొమ్మిది మందిని ఆయన తనమీదికి తిప్పుకున్నాడు. ఆ కోపం చల్లారేలోగా, ఆయనను ఓడించాలన్న పట్టుదలతోనే అయినా, వాళ్ళలో ఎక్కువమంది తమ బిడ్డల పక్కన వారం రోజులు కూర్చున్నారు. ఆయన చేసింది అంతే. ఫిర్యాదు కొట్టివేశాను.