ఇంటికొక్కరి ఒట్టు

నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఈ సంగతి నోటితో చెప్పినప్పుడు సగమే చెప్పగలిగాను. మిగతా సగం రాద్దామని కూర్చున్నాను.

మాది బాన్సువాడ పక్క ఊరు. ఎండాకాలం యాసంగి వరి కోశాక అందరం వడ్లు కొనే కాంటా దగ్గర రోడ్డు పక్కన వడ్ల కుప్పలు పోస్తాం. తేమ తగ్గాలి, సంచులు రావాలి, లారీ రావాలి. పది పదిహేను రోజులు అక్కడే. అన్ని రోజులూ ఎవరి కుప్ప దగ్గర వాళ్లు కూర్చోలేరు. అందుకని పక్కపక్క కుప్పల వాళ్లం కావలికి వంతు పెట్టుకుంటాం. వంతు ఉన్నవాళ్లు తమ కుప్పతో పాటు మిగతావి కూడా చూడాలి. మబ్బు పడితే టార్పాలిన్లు కప్పాలి.

పోయిన యాసంగిలో మా కుప్పకు ఒక పక్క అవ్వ కుప్ప. ఆమెకు ఎకరన్నర, ఇంట్లో ఒక్కతే మనిషి. ఇంకో పక్క భాయ్ కుప్ప. ఆయనకు సొంత భూమి లేదు. ఊరి పటేల్ దగ్గర నాలుగెకరాలు కౌలుకు చేస్తుండేవాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వంతు భాయ్‌ది. అవ్వ మోకాళ్ల నొప్పులని బాన్సువాడ దవాఖానకు పోయింది. మా ఆయన సంచుల కోసం తిరుగుతున్నాడు. నేను అన్నం గిన్నెతో వచ్చేసరికి భాయ్ తన కుప్ప కప్పి అంచుల మీద రాళ్లు పెడుతున్నాడు.

"అక్క, నమాజ్‌కు వొయ్యొస్త. మూడు కుప్పలు జర జూడుండ్రి."

"పో భాయ్. నేనేడికి వోత."

ఆయన పోయిన కాసేపటికే బిచ్కుంద దిక్కు నుంచి మబ్బు లేచింది. గాలి మొదలైంది. మా టార్పాలిన్ నడుమ చినిగి ఉంది. అవ్వది మాత్రం గట్టిది, మడతపెట్టి ఆమె కుప్ప మీదే ఉంది. కిరాయికి తెచ్చే టార్పాలిన్లన్నీ ఒకటే నీలం రంగు కాబట్టి, ఆమె తనదానికి మూలన ఎర్రగుడ్డ ముడి వేసుకుంది. ముందు దాన్ని మా కుప్ప మీద వేసి, తర్వాత మా చినిగినది తీసి ఆమెకు కప్పుదామనుకున్నాను. ఇన్ని రోజులూ నాకు నేను అట్లనే చెప్పుకున్నాను. కానీ దాన్ని లాగేముందు రోడ్డు మీద ఎవరన్నా ఉన్నారా అని చూశాను. అట్లా చూశానంటే తప్పని తెలుసన్నట్టే కదా.

మా కుప్ప కప్పేలోపే వాన దంచింది. చినిగినది దాని కిందే ఉండిపోయింది. నేను రోడ్డు అవతలి మిల్లు షెడ్డు కిందికి ఉరికాను. అరగంటకు వాన తెరిపిచ్చింది. అవ్వ వడ్లు సగం రోడ్డు పక్క కాలువలోకి జారిపోయాయి. మిగతా సగం అడుగు దాకా నానాయి. నేను పోయి ఎర్రగుడ్డ మూలను లోపలికి మడిచి దాని మీద రాయి పెట్టాను.

జనం పోగయ్యారు. భాయ్ తడిసిన బట్టలతో ఉరికొచ్చాడు.

"వంతెవరిది?" అని ఎవరో అడిగారు.

"నాదే. తప్పు నాదే," అన్నాడు భాయ్. నాకు అప్పజెప్పి పోయానని అనలేదు.

"మరి అవ్వ టార్పాలిన్ ఏది భాయ్? నీ కుప్ప మాత్రం మంచిగ కప్పుకున్నవ్," అన్నాడు ఒకాయన.

"దేవుని కాడికి వోయిండు గద, ఆయననే అడుగుండ్రి," అన్నాడు ఇంకొకాయన. కొందరు నవ్వారు.

అవ్వ ఆటో దిగి, తడి వడ్లు చేత్తో ఎత్తి చూసి నా దిక్కు తిరిగింది. "బిడ్డా, నువ్వుంటివి గద. ఎవరన్న తీస్తుంటె చూసినవా?"

"నేను చూడలే అవ్వ," అన్నాను.

మా ఊళ్లో వస్తువు పోతే పోచమ్మ గుడి దగ్గర ఒట్టు పెట్టిస్తారు. ఇంటికి ఒక్క మగమనిషి వస్తాడు. పిడికిట్లో పసుపు పట్టుకుని, మా ఇల్లు ముట్టలేదు అంటాడు. ఆ ఒక్క మాట ఇంట్లో అందరికీ వర్తిస్తుంది. ఆదివారం ఆ వరుస కుప్పల వాళ్లందరినీ పిలిచారు. మా ఆయనకు నిజంగా ఏమీ తెలియదు. గట్టిగా చెప్పాడు. నేను ఆడవాళ్లలో నిలబడి ఆయన పిడికిలిని చూస్తున్నాను.

భాయ్ వంతు వచ్చింది. పసుపు పట్టలేదు.

"నేను దియ్యలే. కని గిట్ల ఒట్టెయ్య. మేము అల్లా పేరు మీద తప్ప వెయ్యం. గీ వడ్ల కోసమని ఆ పేరు గూడ తియ్య."

పెద్దమనిషి ఒకాయనకు కోపం వచ్చింది. "మీ పీర్ల పండుగకు మేము మొక్కుతలేమా? నీకు మా పోచమ్మ పరాయిదైందా?"

"మొక్కుడు వేరే అన్న, ఒట్టు వేరే. పోచమ్మను నేనెన్నడన్న ఒక్క మాటంటినా?"

"తియ్యకపోతె భయమేంది మరి?"

"భయముంటే గద ఒట్టేసి తప్పించుకునేది," అన్నాడు భాయ్.

ఆ మాట ఎవరికీ నచ్చలేదు. ఒట్టు వేయనివాడు ఆయన ఒక్కడే కాబట్టి తీసింది ఆయనే అని తేల్చుకున్నారు. పటేల్ ఆ వారంలోనే ఆ నాలుగెకరాల కౌలు ఇంకొకరికి ఇస్తానని మాట ఇచ్చాడు. భాయ్ తన కుప్పలోంచి ఎండిన వడ్లు పది సంచులు అవ్వకు కొలిచి ఇచ్చాడు, వంతు నాది అని. దొంగ కాకపోతే ఎందుకిచ్చాడు అన్నారు.

మా వడ్లు లారీ ఎక్కాక మా ఆయన ఇంటి ముందర టార్పాలిన్లు విప్పి దులుపుతుంటే ఎర్రగుడ్డ ముడి చేతికి తగిలింది. నేను జరిగింది చెప్పాను. ఆయన అరవలేదు. అరుగు మీద కూర్చున్నాడు.

"నా తోని అబద్ధపు ఒట్టేయించినవ్."

"నీకు తెల్వదు గద. తెల్వకుంట అంటే పాపం నీకెట్ల తలుగుతది?"

"ఇల్లంటే నేనొక్కన్నేనా? ఇల్లు ముట్టలేదన్న. నిన్నటి దాంక తెల్వదు. ఇయ్యాల తెలిసింది. ఇప్పుడేమైంది నా ఒట్టు?"

"చెప్పేద్దాం మరి."

"చెప్తె ఊరంత నన్నే అంటది. అవ్వకు వడ్లు ముట్టినయ్. పోచమ్మకు కోడిని కోద్దాం. ఊకో."

"కోడిని కోస్తె భాయ్‌కు భూమి వస్తదా?"

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు నేను భాయ్ ఇంటికి పోయాను. ఆయన భార్య నీళ్లిచ్చింది. గ్లాసు పక్కన పెట్టి జరిగింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజే జూసిన అక్క. రాయి కింద ఎర్రగుడ్డ కొస అవుపడ్డది."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని జూసిన. గుడి కాడ గూడ నీ దిక్కే జూసిన."

అక్కడి నుంచి ఇంటికి వచ్చి టార్పాలిన్ తీసుకుని అవ్వ దగ్గరికి పోయాను. ఆమె ఎర్రగుడ్డ ముడి పట్టుకుని చూసింది. "నాకొక్కదానికి చెప్తె ఏమొస్తది బిడ్డా. ఆయననెవరి ముంగట అన్నరో వాళ్ల ముంగట చెప్పు," అంది.

మరుసటి ఆదివారం గుడి దగ్గర చెప్పాను. మా ఆయన రాలేదు. ఒట్టు రోజున్న వాళ్లలో సగం మంది కూడా లేరు. టార్పాలిన్ నేనే తీశాను, మా ఆయనకు తెలియదు అన్నాను. భాయ్ మూడు కుప్పలూ నాకు అప్పజెప్పి పోయాడన్న మాట మాత్రం నోట్లోంచి రాలేదు. ఆ సగమే ఇక్కడ రాస్తున్నాను. పెద్దమనిషి, సరే అయిపోయింది గద అన్నాడు. పటేల్ మాట ఇచ్చినవాళ్లు అప్పటికే దున్నకం మొదలుపెట్టారు.

భాయ్ ఇప్పుడు మహమ్మద్ నగర్ దిక్కున రెండెకరాలు కౌలుకు చేస్తున్నాడు. మా ఆయన గుడి ముందు నుంచి పోవడం మానేశాడు, వెనక సందులోంచి తిరిగి పోతాడు.

ఈ యాసంగిలో భాయ్ ఒక శుక్రవారం మా కాంటాకు తన బావమరిది వడ్లతో వచ్చాడు. నమాజ్ వేళకు లేచి చుట్టూ చూశాడు. దగ్గరలో నేనే ఉన్నాను.

"అక్క, జర జూడుండ్రి," అన్నాడు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఆయన తిరిగి వచ్చేదాకా నేను కూర్చోలేదు.