నెత్తురు మింగిన ఓర్సాత్

ఓర్సాత్ ముక్కు తిన్నగా ఉన్న ఫొటో ఒక్కటే ఉంది. అది పెళ్లికి ముందుది. దుబ్రోవ్నిక్ ఊళ్లో చేపల రేవులో ఐసు పెట్టెలు మోసేవాడు. వేసవి వస్తే సాయంత్రాలు సముద్రంలో తన్నులు తినేవాడు. అక్కడ వాటర్ పోలోకు, అంటే ఈదుతూ గోళ్లు కొట్టే బంతాటకు, రేవుకో జట్టు, జట్టుకు ఏడుగురు. గోల్ కీపర్ తప్ప ఎవడూ బంతిని రెండు చేతులతో పట్టకూడదు, అడుగున కాలు మోపకూడదు. బంతి చేతిలో ఉన్నవాణ్ణి ముంచొచ్చు, పీకొచ్చు. లేనివాణ్ణి పట్టుకుంటే కాసేపు బయటికి గెంటుతారు. మూడోసారి గెంటారంటే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే.

గోలు ముందు ఎదుటి జట్టులో బరువైనవాడి వీపుకు అతుక్కుని కాపలా కాయడం ఓర్సాత్ పని. చెయ్యి ఎప్పుడూ బంతి కంటే ముందే పోయేది. అందుకే ఇన్నేళ్లలో ఒక్క ఫైనల్లోనూ చివరిదాకా నీళ్లలో లేడు. ఈ ఏటితో మానేస్తానని భార్య దేసాకు మాటిచ్చాడు. ఈ ఒక్కటైనా ఆఖరి ఈల దాకా ఆడాలి, అంతే.

ఈసారి ఫైనల్లో ఆ బరువైనవాడు దేసా సొంత తమ్ముడు మారోయె.

రిఫరీ అందరి గోళ్లూ తడిమి చూసి నీళ్లలోకి పంపాడు.

"రెండు చెడ్డీలు వేసుకున్నావా బావా? పోయినేడు చినిగింది, రేవంతా చూసింది."

"మూడు వేశాన్రా. నువ్వు టోపీ బిగించుకో, చెవి ఊడితే మీ అక్క నన్ను తిడుతుంది."

నీళ్లపైన ఈత, కింద యుద్ధం. మారోయె మడమతో డొక్కలో తన్నాడు. ఓర్సాత్ అతని తొడ కండ పట్టి మెలేశాడు. రెండుసార్లు దొరికిపోయి బయటికెళ్లాడు. చివరి భాగంలో ఓర్సాత్ వాళ్ల చేపల రేవు ఒక్క గోలు ముందుంది. రిఫరీ చూపు బంతి మీదుండగా మారోయె మోచెయ్యి వెనక్కి విసిరాడు. ముక్కెముక పటుక్కుమంది.

నెత్తురు కనబడితే బయటికి రావాల్సిందే, ఆగేదాకా రానివ్వరు. ఆగే ముక్కు కాదది. ఓర్సాత్ ముక్కు నీళ్లలో ముంచి, గొంతులోకి దిగింది దిగినట్టు మింగాడు.

మారోయె తిరిగి చూశాడు. ఒక్క కేక వేస్తే చాలు.

"మింగు బావా, మింగు. రిఫరీ ఇటే చూస్తున్నాడు," అని గొణిగి, మళ్లీ డొక్కలో తన్నాడు.

"ఒరే, మీ బావ ముక్కు జోలికెళ్లకు! రాత్రంతా ఆ గురక నేను వినాలి!" రాళ్ల మీంచి దేసా అరుస్తోంది.

ఆఖరి బంతి మారోయె వైపు వచ్చింది. ఓర్సాత్ చెయ్యి లేవబోయింది. పళ్లు బిగించి ఆపాడు. బంతి మారోయె అరచేతిలో పడింది. అప్పుడు దూకాడు. భుజం పట్టి ఒళ్లంతా బరువేసి కిందికి తొక్కాడు. చేతికింద ఏదో కీలు జారింది. బంతి తేలిపోయింది. ఆఖరి ఈల మోగింది.

ఒడ్డుకెక్కి ఓర్సాత్ నవ్వబోయాడు. మింగిందంతా రిఫరీ తెల్లబూట్ల మీద కక్కేశాడు.

"ఎప్పట్నించి ఈ నెత్తురు?" రిఫరీ గద్దించాడు.

వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని మారోయె అడ్డొచ్చాడు. "ఇప్పుడేనండీ. రాయెక్కుతూ జారాడు. నా కళ్లతో చూశాను."