అమలమ్మ కాటా

పామర్రు చుట్టుపక్కల గొర్రెల మందలున్న ప్రతిచోటా అమలమ్మ తెలుసు. ఆమె కుడిచేతి వేళ్లు రెండు వంకర తిరిగి ఉంటాయనీ తెలుసు. మొగుడు ఫిలిప్ విరగ్గొట్టాడని ఎవరో పుట్టించారు. ఫిలిప్ కోడిపిల్లనైనా అదిలించలేడు, పాపం. ఆ వేళ్లు విరిగింది గొర్రెల కాపరి రత్తయ్య కర్రకి.

మందలకు నట్టల మందు, అంటే కడుపులో పురుగులు చచ్చే మందు, తాగించడం ఆమె పని. అదేదో చంటిపిల్లకు పాలు పట్టినట్టు అనుకుంటే పొరపాటే. గొర్రెను మోకాళ్ల మధ్య బిగించి, దవడ పక్కన వేలు దూర్చి నోరు తెరిపించి, మందు నింపిన గన్ను మూతి లోపలికి తోసి నొక్కాలి. అది తన్నుతుంది, కొమ్ముంటే పొడుస్తుంది. వంద గొర్రెలయ్యేసరికి తొడలు రెండూ కమిలి నల్లబడతాయి.

బరువును బట్టి పోయాలని, తక్కువైతే పురుగు చావదని, ఎక్కువైతే గొర్రె చస్తుందని పశువుల డాక్టరు శాలినిగారు ఒకసారి చెప్పారు. అమలమ్మ ఆ మాట పట్టుకుని ఇంట్లో ఉన్న ఒక్క పాడిగేదెనూ అమ్మేసింది. కొలత మార్చుకునే గన్ను, ఇనప ముక్కాలి, దానికి వేలాడదీసే కాటా కొంది. పిల్లల నోటి దగ్గర పాలు లాగేశావని ఫిలిప్ నెల రోజులు మాట్లాడలేదు. ఆ సామాను గిట్టుబాటు కాకపోతే ఆమె ఆ ఇంట్లో తలెత్తుకోలేదు.

తీరా మందలవాళ్లు కాటాను చూసి మొహం తిప్పుకున్నారు. వాళ్లు బతికున్న గొర్రెను తూచేది కోతకు అమ్మేటప్పుడే. అమ్మని గొర్రెను కాటాకెక్కిస్తే మందంతా కత్తికే పోతుందని వాళ్ల భయం.

ఆ యేడు వరికోతలయ్యాక చేలల్లో ఎరువు కోసం మంద కట్టడానికి రత్తయ్య రెండొందల గొర్రెలతో దిగాడు. కార్జానికి జలగ పట్టి, గొర్రెల దవడల కింద నీరు దిగింది. అమలమ్మ ముక్కాలి దించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాటా ఒద్దమ్మా. కంటిచూపుతోనే మందు పొయ్యి."

"చూపు మోసం చేసిద్ది బాబాయ్. పొట్టల్లో నీరు చేరి లావుగా కనపడతన్నాయి."

"అయితే ఇంకోళ్లని పిలుచుకుంటాలే."

బేరం పోతుందని అమలమ్మ తగ్గింది. గన్ను కొలతను ముప్పై కిలోల గొర్రెకు తిప్పింది. మొదట ఏడాది వయసు పిల్లల్ని పట్టారు, నలభై. "ఇంకో నొక్కు నొక్కమ్మా, గట్టిగా పనిచేసిద్ది," అన్నాడు రత్తయ్య. నొక్కింది. ఇక్కడ నేనామెను వెనకేసుకురాను. తప్పని తెలిసే నొక్కింది. అంతటితో మందు అయిపోయింది, మిగతావాటికి మూడో రోజు వస్తానంది.

ఆ మందు మోతాదు మించితే కళ్లకు కొడుతుంది. మూడో రోజు పొద్దున ఆమె వచ్చేసరికి చూపు పోయిన పిల్లలు అరుచుకుంటూ తిరుగుతున్నాయి. కొన్ని ముళ్లకంచెలోకి దూసుకుపోయి మొహాలు చీరుకున్నాయి. పదకొండు ఒకదాని వెనక ఒకటి పంటకాలవలో పడి చచ్చాయి. రత్తయ్య మెడలోతు నీళ్లలో నిలబడి కళేబరాలను గట్టుకు తోస్తున్నాడు. ఆమెను చూడగానే గట్టెక్కి కర్ర తీశాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తలకు తగలకుండా చెయ్యెత్తితే వేళ్లు పటుక్కుమన్నాయి. అమలమ్మ పడిపోలేదు. ఎడంచేత్తో ముక్కాలి కాలు ఊడబెరికి అతని నుదుటి మీద కొట్టింది. రక్తం కళ్లలోకి కారి రత్తయ్య బురదలో కూలబడ్డాడు. ఇంకోటి కొట్టడానికి ఎత్తింది. ఎదురుగా గుడ్డిపిల్ల ఒకటి అతని వీపును తల్లి పొట్ట అనుకుని కుమ్ముతోంది. ఆమె చెయ్యి దిగిపోయింది.

ఆ ఇనపకాలే మళ్లీ ముక్కాలికి తగిలించి, చచ్చిన పిల్లనొకదాన్ని కాటాకు వేలాడదీసింది. తడి బొచ్చుతో కలిపి పద్నాలుగు కిలోలు.

"ముప్పై అనుకుని రెండు నొక్కులు నొక్కాను. కాటా పక్కన పెట్టుకుని నేనే చంపాను బాబాయ్," అంది. "రెండో నొక్కు మాత్రం నీది."

రత్తయ్య కళ్లలోకి కారిన రక్తం తుడుచుకున్నాడు. అతని భార్య సీతారావమ్మ మందలోకి వెళ్లి, దవడ వాచిన గొర్రెనొకదాన్ని చెవి పట్టి ఈడ్చుకొచ్చింది. "ఎక్కించమ్మా. ఇంక చెడటానికేముంది," అంది. నూట అరవై గొర్రెలనూ తూచి, ఎడంచేత్తోనే మందు నొక్కింది అమలమ్మ. వాటిలో ఒక్కటీ చావలేదు.

ఇప్పుడు మందల్లో ఆమె ముందు దించేది కాటానే. అంత సామాను గిట్టుబాటైందా అని కొందరు అడుగుతారు, తూకం ఎందుకు దండగ అని కొందరు గునుస్తారు. ఎవరికైనా వంకర వేళ్లు రెండూ చూపిస్తుంది.

"నొక్కుకొకటి," అంటుంది. "గొర్రెనన్నా తూయనియ్యండి, నన్నన్నా పోనియ్యండి."