పెట్టె చుట్టూ ఫొటో

కొత్త కెమెరాతో, పటమటలో పిల్లల పుట్టినరోజులకు ఫొటోలు తీస్తూ చేయి అలవాటు చేసుకుంటున్న రోజులవి. పామర్రులో మా పెదనాన్నగారు పోయారు. సమాధి చేసేముందు శవపేటిక చుట్టూ కుటుంబమంతా నిలబడి ఫొటో దిగడం మా క్రైస్తవుల ఇళ్లలో ఆనవాయితీ. కెమెరా ఉందని నన్నే తియ్యమన్నారు.

ఫోకస్ ధ్యాసలో పడి, అలవాటుగా "కాస్త నవ్వండి" అనేశాను. కొడతారేమో అనుకున్నాను.

ముగ్గురు కొడుకులూ, కోడళ్లూ హాయిగా నవ్వారు.

పెద్దవదిన వచ్చి ఫొటో చూసింది. "నేను కళ్లు మూసేశానయ్యా, ఇంకోటి తియ్యి. అత్తయ్యని పక్కకి జరగమను, ఏడుపుమొహం పడింది."

పెద్దమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఫొటోలో పడకుండా పక్కకి జరిగింది. నేను తీశాను.

నా ఫొటోలన్నిట్లో అదే బాగుందంటారు బంధువులు. అందులో నవ్వనిది పెదనాన్న ఒక్కరే.