చోడి అంబలిలో కలిపిన మాత్రలు

నాలుగేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. చేపల గంపను సంతలో దించుతాను, ఇంటికొచ్చి దించుతాను. దీన్ని దించే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను. నాకు అక్షరాలు వచ్చి ఏడాది కాలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది నౌపడకు అవతల సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన చేపల వేటకు వెళ్తాడు. నేను ఎండుచేపలు నరసన్నపేట తీసుకెళ్ళి అమ్ముతాను. ఒక్కతే కూతురు. ఉప్పుమళ్ళ గట్ల మీద అది పరుగెత్తుతుంటే చూసి బళ్ళో వ్యాయామం మాస్టారు చేరదీసి పరుగు నేర్పాడు. దాని పందెం ఎనిమిది వందల మీటర్లు, అంటే మైదానం చుట్టూ రెండు చుట్లు. జిల్లాకు ఆడింది, రాష్ట్రానికి ఆడింది, దేశం తరఫున రెండుసార్లు విమానం ఎక్కి ఉత్త చేతులతో వచ్చింది. మూడోసారి పేరు వస్తే ఊరి పండగలో నా కూతురి చేత ఘటం, అంటే పూజ కుండ, నెత్తికెత్తిస్తానని ఊరి అమ్మవారికి మొక్కాను. పేరు వచ్చింది. హుద్‌హుద్ తుఫాను తర్వాతి ఏడాది అది.

అమ్మవారి పండగ, మా సంబరం, దాని ప్రయాణానికి రెండు రోజుల ముందు పడింది. శిక్షణ నుంచి వారం సెలవు మీద ఇంటికి వచ్చింది. లెక్క చూస్తే సరిగ్గా ఘటం రోజుకే దానికి ముట్టు. మా వైపు ఆడవాళ్ళు పండగకో వ్రతానికో అడ్డం వస్తుందంటే మందుల షాపులో మాత్రలు కొని మింగేస్తారు. రెండు మూడు రోజులు వెనక్కి జరుగుతుంది. డాక్టరును ఎవరూ అడగరు. నేనూ ఎన్నోసార్లు మింగాను. అది మాత్రం ఒప్పుకోలేదు. మాస్టారిని అడగకుండా తలనొప్పి మాత్ర కూడా వేసుకోదు.

"అమ్మోరికి సెప్పు, పై ఏడు రెండు ఘటాలెత్తుతాను. ఒకటి నెత్తి మీద, ఒకటి సంకలో" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మొక్కు తప్పితే ఎవరికి తగులుతుంది? సముద్రం మీదున్న మనిషికా, సముద్రం దాటబోయే పిల్లకా? ఆ భయం నిజమేనా, లేక నలుగురిలో నా కూతురు ఘటం ఎత్తాలన్న ఆశకు భయమని పేరు పెట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. రోజూ పొద్దుటే మాత్రలు నూరి దాని చోడి అంబలిలో, అదే రాగి జావలో, కలిపాను. చేదు తెలియకుండా బెల్లం వేశాను. ఘటం ఎత్తింది. దారిలో ఇబ్బంది పడకూడదని బయల్దేరే రోజు కూడా కలిపాను.

ఆ పందెంలో మూడోది వచ్చింది. కంచు పతకం. ఊరంతా మా వాకిట్లోనే ఉంది. కొన్నాళ్ళకు ఫోను. పందెం తర్వాత తీసుకున్న మూత్రంలో ఆటగాళ్ళు వాడకూడని మందు ఏదో కొంచెం కనబడిందట. ఏం వేసుకున్నావో చెప్పమని అడుగుతున్నారట. అది ఇంటికి వచ్చి, నేను చేపలు తోముతుంటే ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నాకేటైనా పెట్టీసినావేటి? తిట్టను. సెప్పు."

"నానేటి పెడతానే? అంబలి కాసినాను, కూరొండినాను. నీ మాస్టారు బలానికని డబ్బాలో పొడి ఇస్తాడు కదా, దాని మాటేటి?"

"సారు అలాటోరు కాదు."

"ఎవులెలాటోల్లో మనకెలా తెలస్తాదే?"

 అది లేచి వెళ్ళి విచారణ వాళ్ళకు మాస్టారి పొడి సంగతి చెప్పింది. ఆ మాట దాని నోట్లో పెట్టింది నేనే.

రెండు నెలలకు శ్రీకాకుళంలో ఒక డాక్టరమ్మను వేరే ఎవరి పిల్ల సంగతో అన్నట్టు అడిగాను. ఆ మాత్రల వల్ల అలా కనబడవచ్చంది. మాత్ర వేసుకున్నామని చెబితే వాళ్ళు వేరే పరీక్ష చేసి తేల్చుకుంటారు కదా, ఎందుకు చెప్పలేదు అంది. అప్పటికి విచారణ ఇంకా ముగియలేదు. వింటున్నారా? ముగియలేదు. బస్సెక్కి ఇంటికి వచ్చి చెప్పవలసింది. వచ్చాను, అన్నం వండాను, రేపు చెబుదామనుకున్నాను. మాత్రలు కలిపినప్పుడు నాకు తెలియదు. ఈ రేపులన్నీ తెలిసి చేసినవే. నిజం చెబితే అది నా చేతి తిండి మళ్ళీ తినదని భయం. అంతకన్నా పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

పతకం తీసుకున్నారు. నాలుగేళ్ళు పరుగెత్తకూడదన్నారు. మాస్టారికి పిల్లలకు నేర్పే పని పోయింది. ఒకసారి మా ఇంటికి వచ్చాడు. "పిల్లతో ఒక్క మాట మాట్లాడి ఎల్లిపోతానమ్మా" అన్నాడు. లేదన్నాను. అది లోపలే ఉంది.

తిత్లీ తుఫానుకు పడవలు విరిగి పనిలేక కూర్చున్న రోజుల్లో బడి వరండాలో పెద్దవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళాను. బోర్డులు చదవడం వచ్చింది. తర్వాత నా కూతురు పెట్టెలో వదిలేసిన నోటు పుస్తకం. అది రోజూ ఎన్ని చుట్లు తిరిగిందో, ఏం తిన్నదో అందులో రాసుకునేది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. చివరి పేజీలో ఆ వారం నోట్లోకి వెళ్ళినవన్నీ వరసగా ఉన్నాయి. సారు పొడి, రైల్లో టీ, హోటల్ నీళ్ళు. ప్రతి దాని పక్కనా ఒక ప్రశ్న గుర్తు. అన్నిటికన్నా పైన "అమ్మ అంబలి" అని రాసి, గీత గీసి కొట్టేసింది. అనుమానించడానికి కూడా దానికి మనసొప్పలేదు.

ఆ రోజు నుంచి కూర్చోలేను, పడుకోలేను. నాలుగేళ్ళూ అయిపోయాయి. అది ఇప్పుడు శ్రీకాకుళంలో బట్టల షాపులో పని చేస్తుంది, పరుగు మాట ఎత్తదు. ఈ ఆదివారం వస్తుంది. నోటితో చెప్పగలనా? ఎన్నో ఆదివారాలు చూశాను కనుక నన్ను నేను నమ్మను. క్షమించమని అడిగే ముఖం లేదు, మిమ్మల్ని అడగడమూ లేదు. మాత్రలు నేనే కలిపాను. మాస్టారు ఏ తప్పూ చేయలేదు. ఈ రెండు మాటలు రాయడానికి నాకు మూడు కాగితాలు చిరిగాయి. ఈ కాగితం మీకు పంపేస్తున్నాను. నిజం ఇప్పుడు నా ఒక్కదాని లోపలే లేదు.