విప్పనక్కరలేని కట్ట

మా మనవరాలు అన్నం తినేటప్పుడు ఫోను మోగితే నాకు ఒళ్ళు మండేది. కంచంలో చెయ్యి ఎండిపోయేది, కూర చల్లారిపోయేది. ఆమె మాత్రం "అన్నా, ముందుగాల ఆ పాతది తీసెయ్యి. పాతది ఉంటే కొత్తది ఎక్కది. తీసినవా? ఇప్పుడు గిది ఎక్కియ్యి" అంటూ నవీపేట్ షాపువాడికో నందిపేట్ షాపువాడికో చెబుతూనే ఉండేది. కూర మళ్ళీ వేడి చెయ్యడానికి గ్యాసు ఎవడబ్బ సొమ్ము?

ఆమె బోధన్ నుంచి రోజూ బస్సులో నిజామాబాద్ పోయి ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో పనిచేసేది. అక్కడ తాను తయారుచేసినదాన్ని లైబ్రరీ అనేది. మూడో తరగతితో బడి మానేసిన నాకు లైబ్రరీ అంటే పేపర్లు చదువుకునే గది. ఇది అది కాదట. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు అచ్చేసే షాపుల్లో పాత ఫైళ్ళు కొత్త కంప్యూటర్లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చిగీతలైపోతాయి. వాటిని మళ్ళీ తెలుగు చేసే పనిముట్టు అట ఇది. ఎవరి ప్రోగ్రాములో వాళ్ళు పెట్టుకోవచ్చు. కాని పెట్టుకోవాలంటే దానికంటే ముందు ఇంకేవేవో ఎక్కించాలి, ఒకదాని వెనుక ఒకటి. వరుస తప్పితే మళ్ళీ మొదటికే. అందుకే ఆ ఫోన్లు.

అన్నీ ఒకే కట్టగా కట్టి, ఎవరికి వాళ్ళు ఎక్కించుకునేటట్టు చేస్తే నౌకరీ పర్మినెంట్ చేస్తానని ఆఫీసు సారు మాటిచ్చాడు. అప్పటిదాకా ఆమెది ఏ నెలైనా పొమ్మనగల నౌకరీ. మా ఇంట్లో జీతమంటే అదొక్కటే. నా బీడీల కూలి ఉప్పుకూ సబ్బుకూ సరి.

కళ్ళు గుంటలు పడేదాకా కూర్చుని కట్టింది. ఒక ఆదివారం ప్రార్థన నుంచి రాగానే నన్ను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

"నాకెందుకే గిది?"

"నువ్వు ఎక్కిస్తే ఎవ్వలైనా ఎక్కిస్తరవ్వా. నేను నోరు తెరువ. కాయితం మీద ఉన్నట్టు చెయ్యి."

కాగితం మీద తెలుగులోనే రాసింది. మొదటి మాట: కట్ట విప్పండి. ఏ బొమ్మ మీద నొక్కాలో దాని పక్కనే గీసింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏమైందవ్వా? నొక్కు."

"మంచిగున్న కట్టను ఎవలన్న విప్పుతరానే? నేను విప్ప."

బీడీలు చేసేవాళ్ళకు తెలుసు. మనం కట్ట కట్టి కార్ఖానాకు తీసుకుపోతే, అక్కడ చూసి తీసుకునే మనిషి ఒక్కడే దాన్ని విప్పుతాడు. విప్పాడంటే బాగాలేనివి ఏరి పారేసినట్టే, మన కూలి తెగినట్టే. ఇన్నేళ్ళలో నా కట్టను నా చేత్తో విప్పింది లేదు.

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. "నిజమే గదా. వాళ్ళెందుకు విప్పాలె? దానంతట అదే విప్పుకోవాలె" అని లాప్‌టాప్ తన ముందుకు లాక్కుంది.

పై ఆదివారానికి కాగితం మీద ఒక్క వరుసే మిగిలింది. ఇంగ్లీషు నాకు రాదని మీటల మీదున్న అక్షరాలే పెద్దగా రాసిచ్చింది. ఒంటివేలితో వెతికి వెతికి కొట్టాను. తెర మీద గీతలు గబగబా పరుగెత్తి ఆగిపోయాయి. ఎవరిదో పాత పెళ్ళి పత్రిక తెరిచి చూపింది. అక్షరాలు కడిగినట్టు ఉన్నాయి.

"అయిపాయెనా?"

"అయిపాయె! నువ్వు ఇంజనీరువైతివి పో."

"మస్తు చెప్పినవ్ తీ. ముందు కరెంటు బందు చెయ్యి."

ఫోన్లు ఆగిపోయాయి. పిల్ల వేడివేడిగా తిన్నది. ఆ సుఖం ఎన్నాళ్ళో నిలవలేదు. సారు పిలిచాడని పోయిన పిల్ల, పొద్దుండగానే ఇంటికి వచ్చేసింది.

"మా అవ్వ గూడ ఎక్కించింది సార్ అని సంబురంగ చెప్పిన అవ్వా. ముసలవ్వ ఎక్కించేదానికి మనిషెందుకమ్మా అన్నడు. ఫోన్లు గూడ వస్తలేవు, ఇగ నీకు పనేమున్నది అన్నడు."

"పర్మినెంట్ చేస్తనన్నడు గదా?"

"అడిగిన. నవ్విండు."

వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి ఏం లాభం? ఆమె చేసిన పనిముట్టు ఆఫీసుదే అయింది. ఊరూరా ఎక్కుతూనే ఉంది. ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి ఇది చేసిన పిల్ల ఏమైందని అడిగినవాళ్ళూ లేరు.

"ఎక్కించుడు మళ్ళ కష్టంగ చెయ్యరాదానే? ఫోన్లు మోగితే వాడే పిలుస్తడు" అన్నాను.

"చెయ్యొచ్చు. దాని లోపలికి పోయి మార్చే తొవ్వ ఇంకా నా దగ్గర్నే ఉన్నది. గానీ నేను చెయ్య. నందిపేట్ అన్న మంచిగ నడుస్తుందని మొన్ననే చెప్పిండు. ఆయననెందుకు పరేషాన్ చేసుడు?"

ఇప్పుడు బోధన్‌లో ఒక బట్టల షాపులో నిలబడి బిల్లులు కొడుతోంది. మంచి పిల్ల అంటారు అందరూ.

నేనైతే కష్టంగానే చేసేదాన్ని.